తోగెనుకి జిజో: టోక్యో పేటగుడిలో స్వస్థత విశ్వాసం - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
దుఃఖనివారణ బౌద్ధధర్మానికి మూలసూత్రం. శాస్త్రగ్రంథాలు ఆ దుఃఖాన్ని జన్మజరామరణాల దృష్టితో వివరించాయి. సామాన్య భక్తుడు మాత్రం మోకాళ్ళ నొప్పి, కంటి మసక వంటి దేహబాధలతో గుడికి వస్తాడు. ఇటువంటి ఐహిక ఫలాలను జపాన్‌లో ‘గెంజె రియాకు’ అంటారు. టోక్యోలోని సుగామొ పేటలో ఉన్న కోగాన్‌జి ఆలయం ఇందుకు ప్రసిద్ధి. అక్కడి స్వస్థత విశ్వాసం దేనిని ఆశ్రయించి మూడు శతాబ్దాలు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఆలయ చరిత్ర - ఐతిహ్యం:
కోగాన్‌జి 1596లో ఎదో నగరంలోని, అంటే నేటి టోక్యోలోని, కాందా ప్రాంతంలో ఏర్పడింది. సుమారు అరవై ఏళ్ళకు ఉఎనో సమీపానికి, 1891లో సుగామొకు తరలింది. ఇది ధ్యానప్రధానమైన సోతో జెన్ శాఖకు చెందిన ఆలయం. అయినా ప్రజలు దీనిని శాఖ పేరుతో గాక ‘తోగెనుకి జిజో’ అనే పేరుతో గుర్తిస్తారు. జిజో అంటే క్షితిగర్భ బోధిసత్త్వుడు; తోగెనుకి అంటే ముల్లు తీయడం.

ఈ పేరుకు మూలమైన ఐతిహ్యం రెండు ఘట్టాలుగా ఉంది. 1713లో తాత్సుకె మాతాషిరో అనే వ్యక్తి భార్య ప్రసవానంతరం తీవ్రంగా జబ్బుపడింది. వైద్యం ఫలించలేదు. కలలో కనిపించిన జిజో ఆదేశం మేరకు అతడు బోధిసత్త్వుని రూపాన్ని పదివేల కాగితాలపై అచ్చువేసి నదిలో వదలగా ఆమె కోలుకుంది. 1715లో మోరి ప్రభువుల భవనంలోని దాసి ఒకతె విరిగిన సూదిని మింగింది. ఒక భిక్షువు ఇచ్చిన జిజో ముద్రను నీళ్ళతో మింగగా, కక్కుకున్నప్పుడు సూది ఆ కాగితానికి గుచ్చుకుని బయటపడింది. ఈ వృత్తాంతాన్ని తాత్సుకె స్వయంగా రాసి 1728లో ఆలయానికి సమర్పించినట్లు ఆలయ సంప్రదాయం చెబుతుంది.

కాగితం - శిల:
ఆలయంలోని మూలమూర్తి భక్తులకు దర్శనమివ్వని రహస్యమూర్తి. భక్తునికి దక్కేది ‘ఒమికాగె’ అనే చిన్న ముద్రాపత్రం. దానిని నీళ్ళతో మింగుతారు, లేదా నొప్పి ఉన్నచోట అంటించుకుంటారు. కంటికి కనబడని మూర్తి ఈ విధంగా దేహంలోకే ప్రవేశిస్తుంది. ముద్ర ఎన్నిసార్లయినా అచ్చు కాగలదు. అందువల్ల ఆలయం స్థలం మారినా విశ్వాసానికి భంగం కలగలేదు.

ప్రాంగణంలోని ‘అరాయి కన్నొన్’, అంటే స్నానమాడించే అవలోకితేశ్వరుడు, మరొక ఆధారం. 1657 నాటి మహా అగ్నిప్రమాదంలో భార్యను కోల్పోయిన ఒక భక్తుడు ఆమె స్మృత్యర్థం సమర్పించిన శిలామూర్తి అది. తమకు ఏ అవయవం బాధపెడుతుందో మూర్తిలోని ఆ అవయవంపై నీళ్ళు పోసి రుద్దడం ఆచారమైంది. కుంచెలతో రుద్దీ రుద్దీ ఆ శిల అరిగిపోగా 1992లో కొత్త మూర్తిని ప్రతిష్ఠించి, కుంచెకు బదులు గుడ్డ వాడే పద్ధతి తెచ్చారు. అరిగిన శిల కూడా ఒక చారిత్రక పత్రమే. లిఖితాధారాల్లో పేరు దొరకని భక్తుల బాధలు దానిపై నమోదయ్యాయి.

వైద్యం - విశ్వాసం:
1874లో మెయిజీ ప్రభుత్వం మంత్రతంత్రాలు, ప్రార్థనల పేరుతో వైద్యాన్ని అడ్డుకోవడాన్ని నిషేధించింది. నిషేధం ప్రార్థనపై గాక ప్రార్థన వైద్యానికి అడ్డుగా నిలవడంపై కేంద్రీకృతం కావడం గమనార్హం. మూర్తిని తుడిచే భక్తుడు మందులు మానాలన్న నియమం సుగామొ ఆచారంలో లేదు. ఐతిహ్యం కూడా వైద్యం విఫలమైన చోటనే మొదలవుతుంది. 1945 వైమానిక దాడిలో దగ్ధమైన ప్రధానమందిరాన్ని 1957లో పునర్నిర్మించారు. నేటికీ ప్రతినెలా 4, 14, 24 తేదీల్లో ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. వృద్ధమహిళల రద్దీ వల్ల ఆలయం ముందరి అంగళ్ళవీధికి ‘అవ్వల హరాజుకు’ అనే పేరు వచ్చింది. హరాజుకు యువతరం ఫ్యాషన్‌కు పేరుపొందిన టోక్యో ప్రాంతం.

ముగింపు:
స్థలం మారింది, మందిరం కాలింది, శిల అరిగింది. ఆచారం మాత్రం కొనసాగింది. ఈ కొనసాగింపుకు ఆధారం భక్తుని చేతికందే కాగితం, నీరు, రాయి. దీనిని మూఢనమ్మకమని తోసిపుచ్చితే నొప్పిని మోసిన మనుషుల చరిత్ర మరుగున పడుతుంది. మహిమగా మాత్రమే కీర్తిస్తే వైద్యంతో దానికున్న సంబంధం మరుగున పడుతుంది. గ్రంథస్థ సిద్ధాంతంతో పాటు భక్తుల స్పర్శను కూడా ఆకరంగా స్వీకరించినప్పుడే బౌద్ధచరిత్ర రచన సమగ్రమవుతుంది.