బాలింత నడుముకు ఎన్నాళ్ళ సెలవు?

కోస్తా ఆంధ్రలో చాలా ఇళ్ళల్లో పిల్ల పుట్టిన 21వ రోజున రెండు వేడుకలు జరుగుతాయి. ఒకటి బారసాల. దాని ఫొటోలు ఆల్బమ్‌లో ఉంటాయి. రెండోది బావిలో చేద వేయించడం. దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. తలంటి పోసుకుని కొత్త చీర కట్టుకున్న బాలింత నూతి గట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఉంచి దణ్ణం పెడుతుంది. తర్వాత చేద వదిలి నీళ్ళు తోడుతుంది. చూడ్డానికి గంగపూజే. ఇంటి లెక్కలో మాత్రం అది పెద్దలిచ్చే అనుమతి: ఈ అమ్మాయి ఇక బరువు లాగొచ్చు, పని ముట్టుకోవచ్చు. బావులు పోయాక కుళాయికే బొట్టు పెట్టి ఆ తంతు కానిచ్చే ఇళ్ళూ ఉన్నాయి.

ఆయుర్వేదం ఇంకాస్త ఉదారంగానే ఉంది. వాగ్భటుడి అష్టాంగహృదయం శారీరస్థానంలో బాలింతకు నెలన్నర దాకా తిండికీ తిరుగుడుకీ కట్టడి ఉంది. ఆ తర్వాతే ఆమెకు ‘సూతిక’ అన్న పేరు పోతుంది. మళ్ళీ ముట్టు కనిపించేదాకా అన్న మాట కూడా అక్కడే ఉంది. ఆచరణలో పుట్టిల్లు 21 రోజులు, నెలన్నర అన్న రెండు గడువులనూ దాటేది. తొలిచూలు కూతుర్ని సారె పెట్టి, బిడ్డతో సహా మూడో నెలలోనో ఐదో నెలలోనో గానీ అత్తవారింటికి పంపేవారు కాదు. తల్లి ఒళ్ళు ఇంకా పచ్చిగా ఉందని వియ్యాలవారికి కబురు పెడితే కాదనడం కష్టం.

ఆ నెలల్లో జరిగే ఉపచారానికి పెద్ద పరివారమే కావాలి. మంత్రసాని వచ్చి గోరువెచ్చని నువ్వుల నూనె, పసుపు పట్టించి నడుము నుంచి పాదాల దాకా ఒత్తేది. గంగాళంలో వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళను ఒళ్ళు ఓర్చుకోగలిగినంత వేడిగా చెంబుతో ఎత్తి వెన్ను మీద ధారగా పోసేది. తుడిచాక పాత నేత చీరను మడతపెట్టి పొత్తికడుపు మీద బిగించి నడికట్టు కట్టేది. ఆపైన జుట్టుకు సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, తలకు గుడ్డ. పరగడుపునే కాయం: శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము దంచి, పాత బెల్లం, నెయ్యి కలిపి చేసిన ఉండ. బందరు తీరం వైపు ఊళ్ళల్లో పాలు పడతాయని పాలసొర పుట్టు కూడా పెడతారు.

వీటిలో అన్నీ మేలు చేసేవి కావు. దాహమంటే గుక్కెడు వేన్నీళ్ళతో సరిపెట్టడం, వాతమని కూరలు మాన్పించడం రక్తం పోయిన ఒంటికి చేటే. వేన్నీళ్ళ కాపడం, ఒత్తుడు, కడుపుకు ఆసరా ఇచ్చే కట్టు కండరాల నొప్పికి హాయినిస్తాయి. ఇన్నిటికన్నా పెద్ద మందు మాత్రం వంటింట్లోకి రానివ్వకుండా ఆమెను మంచం మీద కూర్చోబెట్టడం. ‘చన్నీళ్ళలో చెయ్యి పెట్టకే అమ్మాయ్, వాతం చేస్తుంది’ అని అమ్మమ్మ కసిరితే గిన్నెలు తోమే పని ఇంకొకరి మీద పడేది. అంటు పేరుతో దూరం పెట్టడంలో అవమానం ఉంది, విశ్రాంతీ ఉంది. ఆ రెంటినీ విడదీయడం ఆ కాలానికి చేతకాలేదు.

ఇదంతా బావి ఉన్న ఇంటి సంగతి.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు దిగువకు వచ్చాయి. మొవ్వ, గుడివాడ, బందరు, దివిసీమ చుట్టూ వరి విస్తరించింది. ఆ వరి ఆడవాళ్ళ నడుముల మీద నిలబడింది. ఊడ్పులు, కలుపు, కోతలు, వరి పోయాక మినుము పీకడం, అన్నీ వంగి చేసేవే. కాలువ నీళ్ళు వదిలాక నారు ముదరకముందే నాట్లు పడాలి. ఆ నాలుగైదు వారాల కూలీతోనే ఇంట్లో కొన్ని నెలలు గడవాలి. ఆషాఢంలో కాన్పయిన కూలి మనిషి శ్రావణంలో మడిలో ఉండక తప్పేది కాదు. మోకాలి దిగువ దాకా బురద, నడుం నుంచి పైభాగం నేలకు సమాంతరంగా వంచి వెనక్కి నడుస్తూ నాటాలి. గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో బిడ్డ ఏడిస్తే గట్టెక్కి, చేతులు కడుక్కుని, పాలిచ్చి మళ్ళీ దిగాలి. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఆ కాస్త ఆలస్యం తోటివాళ్ళకు భారం. ఆమె కోసం ఏ శాస్త్రమూ రోజులు లెక్కపెట్టలేదు. ఆమెకు కాయమంటే శొంఠి, బెల్లం. దొరికిన నాడు దొరికినంత.

మొవ్వ పేరు వినగానే పదకర్త క్షేత్రయ్య గుర్తొస్తాడు. మువ్వ గోపాలుడి పదాల్లో నాయిక ఒంటి బాధ ఎక్కువగా విరహానిది. కన్నతల్లి ఒంటి బాధకు చోటు దొరికింది ఆడవాళ్ళు తమలో తాము పాడుకున్న పాటల్లో. ‘కౌసల్య బైకలు’ అన్న పాట రాముడి తల్లికి వేవిళ్ళు రావడం గురించే. వాల్మీకికి పట్టని ఈ ముచ్చట్లు స్త్రీల రామాయణపు పాటల్లో ఎంత విస్తారంగా ఉన్నాయో వేల్చేరు నారాయణరావు 1990ల మొదట్లోనే ఒక వ్యాసంలో చూపించారు.

అచ్చులోకి ఆడవాళ్ళ ఒంటి బాధ వచ్చింది రెండు దారుల్లో. మొదటిది ఆడవాళ్ళ సంఘాల దారి. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అదే ఏడు ‘హిందూసుందరి’ పత్రిక మొదలైంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం రాసుకునే చోటు ఏర్పడింది.

రెండోది వ్యాపారం దారి, నిజానికి ఇదే ఎక్కువ దూరం వెళ్ళింది. మొవ్వకు పొరుగునే, అప్పటి గుడివాడ తాలూకాలో పుట్టి, బందరులో చదువుకున్న కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ లాభాలతోనే ‘ఆంధ్రపత్రిక’ నడిచింది, ‘భారతి’ నడిచింది. తెలుగు సాహిత్యం ఈ పసుపు లేపనానికి బాకీ పడ్డ సంగతి అందరికీ తెలుసు. ఏ తలనొప్పులు, ఏ నడుం నొప్పులు ఆ సీసాలను కొన్నాయో ఎవరూ లెక్కరాయలేదు. తర్వాత మద్రాసులో కె.ఎన్.కేసరి, లొద్దుగ చెట్టు పేరు మీద ‘లోధ్ర’ అన్న మందును స్త్రీల రుగ్మతలకని అమ్మి పేరు గడించారు. 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. తొలి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మది. ఆడదాని నీరసం మీద వచ్చిన డబ్బుతో ఆడదాని రాతకు బంగారం పెట్టడం మెచ్చుకోదగ్గ పనే. కానీ ఈ మందులన్నీ ఒక అలవాటు నేర్పాయి: నొప్పికి లేపనమో సీసాయో తెచ్చిస్తే ఇంటి బాధ్యత తీరినట్టే.

ఆసుపత్రులు మెల్లగా వచ్చాయి. నది అవతల గుంటూరులో అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కూగ్లర్ 1883 నుంచి పనిచేసి 1898లో ఆసుపత్రి తెరిచారు. 1926లో మద్రాసు రాష్ట్రం నర్సులకు, మంత్రసానులకు రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. పురుడు సురక్షితమవుతూ వచ్చింది. అయితే డాక్టరమ్మ చూసేది కాన్పునే. కాన్పు తర్వాతి రెండేళ్ళు ఇంటి వ్యవహారంగానే మిగిలాయి.

చట్టం ప్రసవ సెలవు అన్న మాట ఎత్తింది ఫ్యాక్టరీ గేటు దగ్గర. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు అని ఒప్పందం రాసింది. మద్రాసు ప్రసూతి ప్రయోజన చట్టం 1934 నాటిది. దేశమంతటికీ 1961లో 12 వారాల చట్టం వచ్చింది; 2017లో అది 26 వారాలైంది, అదీ పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట. మడిలో ముప్పైమంది నాట్లు వేస్తున్నా మడి సంస్థ కాదు. కూలి తల్లికి 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలు రాసింది. 2017లో పథకం అమలుకు వచ్చేసరికి అది మొదటి కాన్పుకు 5,000 అయింది. రెండో బిడ్డను ఎత్తుకునే నడుము మొదటి దానికన్నా గట్టిదని ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇంతకీ ఆ నొప్పులు ఏమిటి? ‘బాలింత వాతం’ అని ఒక్క మాటలో కట్టేసిన దాంట్లో అరడజను వేర్వేరు సంగతులున్నాయి.

మణికట్టు పక్కన, బొటనవేలి మొదట్లో వచ్చే పోటు చూడండి. పాకే వయసు రాకముందు బిడ్డను ఎత్తేటప్పుడు తల్లి బొటనవేళ్ళు బాగా చాపి, చంకల కింద దూర్చి, మణికట్టు వంచి లేపుతుంది. రోజుకు ఎన్నిసార్లో. బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఇరుకైన గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టం మందమై ఒరుసుకుంటుంది. స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీన్ని వర్ణించాడు. బొటనవేలిని పిడికిట్లో మూసి చేతిని చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినంత పనవుతుంది. విరుగుడు కొంతవరకు తేలికే: అరచేతులు పైకి పెట్టి బిడ్డ పిర్రల కింద, వీపు కింద పట్టి ఎత్తడం, బొటనవేలిని కదలనివ్వని పట్టీ కొన్ని వారాలు కట్టుకోవడం. తగ్గకపోతే ఇంజక్షన్. చన్నీళ్ళకూ దీనికీ సంబంధం లేదు.

నడుం నొప్పి సంగతి ఇంకోటి. గర్భంలో కటి కీళ్ళు వదులవుతాయి, పొట్ట మధ్య కండరాలు రెండుగా విడిపోతాయి. అవి దగ్గరపడక ముందే బరువులు మొదలవుతాయి. ఈ తరం తల్లులు మాత్రం నింద మొత్తం ఆపరేషన్ ముందు వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజక్షన్ మీద వేస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే కాబట్టి ఆ నమ్మకం ఊరూరా ఉంది. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు గానీ, ఏళ్ళ తరబడి వేధించే నడుం నొప్పికి అది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. ఇంజక్షన్‌ను నిందించడం సులువు, బిందెలు మోయించిన వాళ్ళను నిందించడం కష్టం.

ఇక నీరసం. అదే సర్వేలో రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. కాన్పులో పోయిన రక్తం దానికి తోడు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క; పథ్యం పళ్ళెంలో అంత తిండి ఉందా అన్నది అనుమానమే. పాలిచ్చే నెలల్లో ఎముకల సాంద్రత మూడు నుంచి ఐదు శాతం తగ్గి, పాలు మాన్పించాక సాధారణంగా తిరిగి చేరుకుంటుంది. కొందరికి కాన్పు తర్వాత నెలల్లో థైరాయిడ్ మందగిస్తుంది. ఒక్క రక్తపరీక్షతో తెలిసే ఈ జబ్బును ‘పిల్లలున్న ఇంట్లో అలసట మామూలే’ అని కొట్టిపారేస్తారు. వీటన్నిటి మీదా నిద్రలేమి.

నొప్పిని సరిగ్గా వినకపోతే ఏమవుతుందో తెలుగు జిల్లాలకు బాగా తెలుసు. పాతికేళ్ళు దాటకముందే ఇద్దరు పిల్లలు, ట్యూబెక్టమీ అయిపోయిన ఆడవాళ్ళు నడుం నొప్పి, తెల్లబట్ట అని వెళితే గర్భసంచి తీసేయమన్న ఆసుపత్రులు ఒక కాలంలో కోకొల్లలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 విడతలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 3.2 శాతం. అందరికీ నడుం నొప్పే కారణమని కాదు. కానీ కాపడం, వ్యాయామం, ఐరన్ మాత్రలతో పోవలసిన బాధ ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్ళిన కథలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో కాన్పు తర్వాత కటి కండరాలకు పది విడతల ఫిజియోథెరపీ ఖర్చు సామాజిక బీమా భరిస్తుంది. అక్కడ అది మందుల చీటీలో రాసే మామూలు విషయం. కృష్ణా జిల్లాలో ఆ పని ఒకప్పుడు మంత్రసాని చేతులు కొంత చేశాయి. కాన్పులు ఆసుపత్రికి మారాక ఆ చేతులు పోయాయి, వాటి స్థానంలో ఎవరినీ పెట్టలేదు. ఇంట్లో ఇంకొక జత చేతులైనా దొరుకుతాయా అంటే, 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టారు, చేసే మగవాళ్ళు 97. ఐదేళ్ళ తర్వాత, 2024లో, ఆడవాళ్ళ లెక్క 289కి దిగింది. మగవాళ్ళదీ 88కి దిగింది.

ఇక ఇంటి బయట సంగతి. ఉపాధి హామీ పనులు కృష్ణా జిల్లాకు 2008లో వచ్చాయి. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో పనిచోటుకు వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని కూలి ఇచ్చి పెట్టాలని ఆ చట్టం చెప్పింది. పొలం కూలికి అలాంటి నియమం లేదు.

ఇవాళ మొవ్వలో ఆసుపత్రిలో కని ఇంటికొచ్చిన తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. 42 రోజులంటే ఇంచుమించు వాగ్భటుడి నెలన్నరే. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. 2018 నుంచి ఇంకో ఐదు రాకపోకలు చేర్చారు: 3, 6, 9, 12, 15 నెలలప్పుడు. అవి ప్రధానంగా బిడ్డ బరువు, ఎదుగుదల, తిండి చూడటానికి. 15వ నెలలో బిడ్డ పది కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఆ బరువు కార్డులోకి ఎక్కుతుంది. దాన్ని రోజంతా చంకనేసుకున్న తల్లికి నడుం ఎలా ఉందని అడగడానికి ఆ ఇంటికి వెళ్ళే మనిషి అప్పటికే గుమ్మంలో ఉంది. ఆ ప్రశ్నను కార్డులో చేర్చడమే మిగిలింది.