కంటి ఒత్తిడి అంకె వెనుక కార్నియా చరిత్ర

నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దాని మధ్యభాగపు మందం రమారమి అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రాన్లు. 1950లలో స్విట్జర్లాండు వైద్యుడు గోల్డ్‌మన్ కంటి ఒత్తిడిని కొలిచే టోనోమీటరును రూపొందించినప్పుడు, ఈ మందం మనుషులందరిలో దాదాపు ఒకటేనని భావించాడు. ఆ భావన నిలువలేదు. కార్నియా పలుచగా ఉన్న కంటిలో ఆ పరికరం అసలు ఒత్తిడికంటే తక్కువ చూపుతుందని 1975లో డెన్మార్క్ వైద్యుడు ఏలర్స్ వెల్లడించాడు. ఒత్తిడి అధికంగా ఉన్నవారిలో పలుచని కార్నియా నీటికాసుల (గ్లకోమా) ముప్పును పెంచుతుందని 2002లో అమెరికా అధ్యయనం తేల్చింది.

మన సంగతి? చెన్నై పరిసరాల్లో జరిగిన అధ్యయనంలో సగటు మందం సుమారు 511 మైక్రాన్లు. పట్టణవాసులకంటే గ్రామీణులలో ఇంకా పలుచన. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య హైదరాబాదులోను, గోదావరికి ఆవలనున్న నాటి ఆదిలాబాదు సహా మూడు జిల్లాల గ్రామాలలోను సర్వే జరిపింది. హైదరాబాదులో నిర్ధారణ అయిన 27 మంది నీటికాసుల రోగులలో ఆ సంగతి ముందే తెలిసినవారు ఇద్దరే! మూడింట రెండు వంతుల మందిలో ఒత్తిడి 22 లోపే ఉంది. దీనికి కార్నియా ఒక్కటే కారణం కాదు. అయితే ఒత్తిడి అంకెను మాత్రమే నమ్మితే ఏమవుతుందో ఇది చెబుతున్నది.

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల గని కార్మికులకు ఉద్యోగకాలంలో నియమిత వైద్యపరీక్షలు చట్టబద్ధం. నీటికాసులు ముదిరేది మాత్రం తరచుగా విరమణానంతర వయస్సులోనే. పోయిన చూపు తిరిగి రాదు. కనుక నలభై దాటినవారు ఒత్తిడితోపాటు కార్నియా మందాన్ని, కంటినరాన్ని కూడా పరీక్షింపజేసుకొనవలెను.