పాతకారుల గృహసంరక్షణము – మందస, ఉద్దాన తీరము

చౌకగా లభించిన పాత మోటారుకారును దాని యజమాని, మెకానిక్ వృత్తిలో శిక్షణ లేనివాడయ్యును, తన యింటి పెరటిలోనో వీధియరుగు ముందో నిలుపుకొని, స్వహస్తములతో శుభ్రపరచుకొనుచు, నూనెలు మార్చుకొనుచు, చిన్న లోపములను సవరించుకొనుచు నడపుకొనుటను గృహసంరక్షణ మనవచ్చును. కార్లు నెలకొన్న ప్రతి దేశమునందును ఈ యలవాటు కలదు. అయినను ఏ సీమలో కారు దేనివలన చెడునో, ఆ సీమ గృహసంరక్షణము దానినిబట్టియే రూపుదాల్చును. శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున, మహేంద్రగిరి పాదసీమనుండి బంగాళాఖాతపు ఇసుకతిన్నెలవరకు వ్యాపించిన మందస, పలాస, టెక్కలి, సోంపేట, కవిటి ప్రాంతములలో (ఇందు అధికభాగమును ఉద్దాన మందురు) కారునకు ప్రథమశత్రువు సముద్రపుగాలిలోని ఉప్పు. నౌపడా ఉప్పుమళ్లను ఎండించి పంటనిచ్చు ఆ గాలియే, కొబ్బరితోటలను దాటివచ్చి ఇంటిముందు నిలిచియున్న కారు అడుగురేకులను తినివేయును. ఇంజను ఇంకను పదియేండ్లు పనిచేయగలదనగా దేహము ముందే శిథిలమగుట ఇచ్చట సాధారణము. కావున ఈ తీరమున పాతకారును కాపాడుకొన దలచినవాడు యంత్రముకంటె ముందుగా రేకును గూర్చి శ్రద్ధ వహింపవలయును.

పాతకార్ల జాతులను గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1953లో టారిఫ్ కమిషను చేసిన సిఫారసుల ననుసరించి, దేశములోనే విడిభాగములను తయారుచేయు ప్రణాళిక లేని సంస్థలకు ఇచ్చట తావులేకపోగా, జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు తమ బిగింపు కర్మాగారములను మూసివేసెను. తత్ఫలితముగా సుమారు మూడు దశాబ్దములపాటు భారతీయునకు లభ్యమైన కార్లు ప్రధానముగా మూడే: కలకత్తా చెంత ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు, బొంబాయి కుర్లాలో తయారై తరువాత ప్రీమియర్ పద్మిని యని పేరుపొందిన ఫియట్, మదరాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు. అంబాసిడరు 1959 తరువాత చిరకాలము ఒకే 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుతో నడచినందున, ఒక సంవత్సరపు బండిభాగము మరియొక సంవత్సరపు బండికి సరిపోవుట సామాన్యమైనది. పేదవాని యింట ఆ కారు ముసలితనము వరకు నిలిచి యుండుటకు ఇదియే ముఖ్యకారణమని నా యభిప్రాయము. 1983 డిసెంబరు 14న మొదటి యజమాని చేతికి వచ్చిన మారుతి 800, మూడు సిలిండర్లు, 796 ఘనసెంటీమీటర్లు గల చిన్న ఇంజనుతో ఆ పాతజాతులను క్రమముగా వెనుకకు నెట్టెను. 2014వ సంవత్సరమున జనవరిలో మారుతి 800, మే నెలలో అంబాసిడరు, రెండింటి ఉత్పత్తియు నిలిచిపోయినది. నేడు మారుతి 800, దాని తోడిదైన ఓమ్నీ వ్యాను సెకండ్‌హ్యాండు కొనుగోలుదారునకు సులభముగా అందుబాటులో నున్నవి. అంబాసిడరు అభిమానుల యిండ్లలో మిగిలినది.

ఇనుము త్రుప్పు పట్టుటకు నీరును ప్రాణవాయువును చాలును. ఉప్పు ఆ క్రియను త్వరపెట్టును. ఎట్లనగా, గాలిలోని తేమ 75 శాతమును మించినప్పుడు ఉప్పు తనంతట తానే ఆ తేమను పీల్చుకొని ద్రవించు స్వభావము కలది. అందుచే వాన లేని రాత్రియందు సైతము, ఉప్పు పేరుకొనిన రేకుపై కంటికగపడని తడిపొర ఏర్పడును, ఆ పొర మంచినీటికంటె విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును, అందులోని క్లోరైడు ఇనుముపై నిలువదగు రక్షణపు పొరను ఛేదించును. పైరంగు మెరయుచుండగనే లోపల ఈ పని జరుగుచుండును. చక్రముల పైనుండు మడ్‌గార్డుల లోపలి అంచులు, తలుపుల అడుగుభాగములు, జాకీ ఆనించు చోట్లు, బ్యాటరీ క్రింది పళ్లెము, చాపలక్రిందనుండు నేలరేకు మొదట చెడు స్థానములు.

పరీక్షించు పద్ధతి సులభమైనది. చాపలను పూర్తిగా తీసివేసి, స్క్రూడ్రైవరు పిడితో నేలరేకును అంగుళము అంగుళముగా తట్టుచు పోవలయును; మంచిరేకు ఖంగుమని పలుకును, కుళ్లినరేకు మందముగా పలుకును, పిడిక్రింద మెత్తగా లొంగును. తలుపుల అడుగున నీరు కారిపోవుటకు తయారీదారులు సన్నని రంధ్రముల నుంచుదురు. అవి దుమ్ముతో మూసుకొనిపోయినచో తలుపులోపల నీరు నిలిచి లోపలినుండి తినివేయును. వానిని తెరచుటకు కొబ్బరి ఈనెను మించిన సాధనము లేదు: ఇనుపతీగవలె రంగును గీయదు, వంగినను విరుగదు, ఉద్దానమున ప్రతి చీపురునందును దొరకును. త్రుప్పు కనబడిన చోట తీగబ్రష్షుతో పొలుసులను రాల్చి, ఎమరీకాగితముతో తెల్లని లోహము అగపడువరకు రుద్ది, మంచినీటితో కడిగి, ఎండలో బాగుగా ఆరనిచ్చి, ఆనాడే రెడ్ ఆక్సైడు పూతను రెండు మారులు పూయవలెను. మరునాటికి వాయిదా వేసినచో రాత్రి మంచులోనే తెల్లని లోహము మరల ఎఱ్ఱబారును. వానలు వెనుకబట్టి గాలి పొడిగానుండు పుష్య మాఘ మాసములు ఈ పనికి అనుకూలములు.

ఇచ్చట ఒక దురభ్యాసమును గట్టిగా నిషేధింపవలసి యున్నది. త్రుప్పును గీకివేయక దానిపైననే లప్పము మెత్తి, రంగు వేసి, మెరుగుపెట్టి అమ్మువారు కలరు. అట్టి లప్పము తేమను లోపల బంధించి, రెండు వానకాలములలో రేకును జల్లెడ చేయును. కొనువాడు చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి తలుపుల అడుగునను మడ్‌గార్డులను తాకించి చూచినచో, అది అంటుకొనని చోట లప్పము దట్టముగా నున్నదని తెలిసికొనగలడు. రంధ్రములు పడిన రేకు గృహస్థుని చేతికి మించినది. దానిని టింకరింగు షెడ్డునకు తీసికొనిపోయి, చెడినంతమేర కోయించి క్రొత్తరేకు వెల్డింగు చేయించవలయును. కాలిన ఇంజనాయిలును అడుగుభాగమున పూయు వాడుకయు ప్రబలముగా నున్నది. అది కొంతకాలము త్రుప్పును ఆపుమాట నిజమే గాని, రబ్బరు బుష్షులను ఉబ్బజేసి చెడగొట్టును, వానలో కరగి పెరటినేలలోనికి దిగును. ఉద్దానమున త్రాగునీటి చింత తీవ్రమైనది. బావియున్న పెరటిలో ఒక డబ్బెడు నల్లనూనెనైనను పారబోయుట మహాపరాధము. తీసిన నూనెను మూతగల డబ్బాలో నిలువచేసి, పాతనూనె సేకరించు షెడ్డునకు ఇచ్చివేయవలయును.

కారును నిలుపు తావునుగూర్చి ఒక్కమాట. కొబ్బరికమ్మల పందిరి ఎండను ఆపును, గాలిని పోనిచ్చును, అందుచే మేలైనది. ప్లాస్టిక్ బరకముతో నఖశిఖపర్యంతము కప్పుట కీడు, ఏలయనగా నేలనుండి లేచిన ఆవిరి లోపలనే చిక్కుకొని రేకుపై నిలుచును. కాయలున్న కొబ్బరిచెట్టుక్రింద నిలుపరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంజను పనులలో గృహస్థునకు అత్యంతోపయుక్తమైనది, పాత అంబాసిడరు విషయమున, కాంటాక్టు పాయింట్ల సవరణ. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలనున్న రోటరును తొలగించి, ఇంజనును చేతితో త్రిప్పుచు పాయింట్లు పూర్తిగా విడివడు స్థితికి తెచ్చి, ఆ యెడమును ఫీలర్‌గేజితో కొలువవలెను, అది 0.015 అంగుళము, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు ఉండవలెను. గేజిరేకు పాయింట్లనడుమ కొలది తగులుబాటుతో జారవలెనేగాని వదులుగా ఊగరాదు, బిగిసి పాయింటును నెట్టరాదు. సముద్రతీరమున ఈ పాయింట్లపై తేమవలన మసక పొర ఏర్పడుట తరచు జరుగుచుండుటచే, ఉదయమున సెల్ఫ్ తిరుగుచున్నను ఇంజను అందుకొననప్పుడు, బ్యాటరీని నిందించుటకు ముందు మూతలోపలి తడిని పొడిగుడ్డతో తుడిచి, పాయింట్లను శుభ్రపరచి చూచుట ఉత్తమము. ఆ తేమయే కారణమైనచో కాసు ఖర్చులేక బండి బయలుదేరును. ప్లగ్గుల యెడము 0.025 అంగుళము. బ్యాటరీ టెర్మినళ్లపై పెరుగు తెల్లని, పచ్చని పొక్కును, ముందుగా ఎర్తుతీగను విడదీసి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన పిదప వ్యాసలైను పూయవలెను. ఇంజెక్షను పద్ధతి వచ్చిన తరువాతి మారుతులలో ఈ పాయింట్లు లేవు. వానిలో కన్నెక్టరుల లోపల పేరుకొను పచ్చని మైలయే తీరవాసుల ముఖ్యక్లేశము. ఇవిగాక ఎలుకలు బానెట్‌క్రింద గూడుకట్టి తీగలను కొరుకుటయు తోటలనడుమనున్న యిండ్లలో మామూలే. వారమునకొకసారి బానెట్ ఎత్తి చూచుటయే దానికి మందు.

ఉద్దానపు నేల ఇసుకనేల. ఈ నేలపై జాకీ నిలుపుట ప్రమాదకరము, ఏలయనగా బరువు పడిన కొలది దాని పాదము ఇసుకలో దిగి, జాకీ ఒరగును. వెడల్పైన గట్టిపలకను క్రిందవేసి, ఎదుటి చక్రములకు ముందువెనుకల రాళ్లుపెట్టి, ఆపై కారును ఎత్తవలెను. పైకెత్తినపిమ్మట దృఢమైన స్టాండ్లపై నిలుపక, కేవలము జాకీని నమ్మి కారుక్రిందికి దూరుట ఎన్నడును చేయరాదు. ప్రాణమునకు సంబంధించిన ఈ నియమమునకు మినహాయింపు లేదు.

బ్రేకులు వేరు కోవకు చెందినవి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చు స్వభావము కలదగుటచే, తేమ అధికమైన ఈ సీమలో వీలు సిలిండర్లు లోపలినుండి త్రుప్పు పట్టి చుక్కచుక్కగా కారుట తరచు చూడబడును. రెండేండ్లకొకసారి నూనెను పూర్తిగా మార్పించుట అవసరము. నూనె మట్టమును చూచుట, చక్రముల లోపలివైపు తడిని కనిపెట్టుట గృహస్థుని పని. షూలు మార్చుట, గాలి తీయుట తెలిసిన మేస్త్రి ఎదుట నేర్చుకొనిన పిమ్మటనే చేయదగినది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండును గావున, డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలయును. ఈ బ్రేకులకును పలాస–కాశీబుగ్గ జీడిపరిశ్రమకును ఒక బంధుత్వము కలదని చాలమంది యెరుగరు. జీడిపిక్కల తొక్కలనుండి తీయు ఘాటైన నూనెను రసాయనక్రియచే గట్టిపరచి పొడిచేసి, బ్రేకు లైనింగులలోను క్లచ్ ఫేసింగులలోను రాపిడి పదార్థముగా లోకమంతట వాడుదురు. వేడెక్కినను పట్టు సడలనీయక బ్రేకును సమముగా పనిచేయించుట దాని గుణము. తొక్కనూనె పచ్చిదిగానున్నప్పుడు చర్మమును కాల్చునని జీడిపిక్కలు కొట్టు శ్రామికస్త్రీల చేతులే సాక్ష్యము చెప్పును.

2023లో ఇరువది శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలైనప్పటినుండి పాతకార్ల యజమానులకు క్రొత్త జాగ్రత్త అవసరమైనది. ఇథనాలు తేమను ఆకర్షించును. దానికై ఉద్దేశింపబడని పాత రబ్బరు గొట్టములను, కార్బొరేటరులోని డయాఫ్రములను క్రమముగా పాడుచేయును. నెలలతరబడి కదలని కారులో ట్యాంకు అడుగున నీరు చేరును. గొట్టములను చేతితో నొక్కి బీటలున్నవేమో చూచుట, పెట్రోలు వాసన తగిలిన వెంటనే కారణమును వెదకుట తప్పనిసరి.

తుపానులు ఈ తీరమునకు క్రొత్తవి కావు. 2018 అక్టోబరు 11న తీరము దాటిన తితిలీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసినది. దానివెంట వచ్చిన వానలకు వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు పొంగినవి. వరదనీట మునిగిన కారు విషయమున ఒక నియమము కలదు: నీరు తీసినదని సెల్ఫ్ కొట్టరాదు. సిలిండరులో చేరిన నీరు అణగదు గనుక, పిస్టను దానిని నొక్కబోయి కనెక్టింగు రాడ్డు వంగును. మొదట బ్యాటరీ విడదీసి, ప్లగ్గులన్నియు ఊడదీసి, ఇంజనును చేతితో త్రిప్పి నీటిని వెలికి పోజేసి, ఇంజను, గేరుపెట్టె, డిఫరెన్షియలు నూనెలను మార్చవలయును. నూనె పాలరంగున నున్నచో అందు నీరు కలిసినదని గుర్తు. ఉప్పునీట మునిగిన బండిని మంచినీటితో అడుగుభాగముతో సహా ఆనాడే కడుగవలయును.

ఇట్టి పనులను నేర్చుకొను మార్గము సీమసీమకు వేరుగ నుండును. ఇంగ్లండులో జాన్ హేన్సు 1966 మొదలు ప్రకటించిన మాన్యువళ్లు ఒక్కొక్క కారును పూర్తిగా విప్పి మరల బిగించి రచింపబడినవగుటచే, సామాన్యుడు బొమ్మలు చూచి పనిచేయుటకు వీలు కలిగినది. మన తీరమున అట్టి గ్రంథముల స్థానమును జాతీయరహదారి వెంట షెడ్లలోని మేస్త్రుల నోటిమాట ఆక్రమించినది. ఆ నోటిమాటను వ్రాసిపెట్టుకొను యజమానులు అరుదు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు ఏ నూనె మార్చితిమో ఒక నోటుపుస్తకమున గుర్తించుకొనుట మంచి అలవాటు, కారు అమ్మునాడు సైతము అది విలువ తెచ్చును. దసరా ఆయుధపూజనాడు కారుతోపాటు పానాలను, జాకీని కడిగి కుంకుమ పెట్టుట వాడుక; పానాలకు నూనెరాయుటకు అదియే తగిన దినము.

చట్టప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిదప రవాణాశాఖ అధికారి బండిని పరిశీలించి అయిదేండ్ల చొప్పున పొడిగించును. 2022 ఏప్రిల్ 1 నుండి కారునకు ఆ పొడిగింపు రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినందున, పది పదిహేనువేలకు కొన్న బండి విషయమున అది చిన్న భారము కాదు. పొల్యూషను, బీమా పత్రములు లేక తోటదారిలో మాత్రమే త్రిప్పుకొందుమనుట చట్టసమ్మతము కాదు. ఇంజను మార్చుట, గ్యాసు కిట్టు బిగించుట అధికారి అనుమతి లేక చేయరాదు. ఛాసిస్ లేక దాని స్థానముననున్న అడుగుచట్రము త్రుప్పుచే తెగినప్పుడు ఎంత ప్రియమైన బండినైనను రోడ్డుపైకి తేకూడదు. బండి శాశ్వతముగా పనికిరానిదైనచో 14 దినములలోపల యజమాని ఆ సంగతిని రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి. రద్దు చేయించుకొనవలయును.