‘ఇన్సిడెంట్’ నుంచి ‘ఈవెంట్’ దాకా: వలసపాలన చరిత్రలో సంఘటనావాచకాలు - తెలుగు అనువాదం

వ్యాససంగ్రహం:
జరిగినదాన్ని తెలిపే ఆంగ్లపదాలు నిఘంటువులో పర్యాయాలుగా కనిపిస్తాయి. వలసపాలన నాటి రచనల్లో మాత్రం అవి వేర్వేరు పనులు చేశాయి. జలియన్‌వాలాబాగ్, చౌరీచౌరా, మన్యం పోరాటాల ఆధారంగా ఈ భేదాన్ని, తెలుగులో అది పొందిన రూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంఘటన, పర్యాయపదాలు, వలసపాలన, అనువాదం, పితూరీ.

1. ఉపోద్ఘాతం:
‘ఇన్సిడెంట్’కు లాటిన్ మూలార్థం మీదపడడం, ‘ఈవెంట్’కు బయటికి రావడం, అంటే ఫలితం, ‘అకరెన్స్’కు ఎదురుపడడం. ఈ మూడూ వాటంతట అవే జరిగినట్టు ధ్వనిస్తాయి. చేసినవారెవరో చెప్పకుండానే వీటితో వాక్యం పూర్తవుతుంది. ‘మ్యాసకర్’ అలాంటిది కాదు. చంపినవారు, చచ్చినవారు ఇద్దరూ ఆ పదంలోనే ఉన్నారు. కాబట్టి చరిత్రరచనలో పర్యాయపదాన్ని ఎంచుకోవడం బాధ్యతను నిర్ణయించడమే.

2. జలియన్‌వాలాబాగ్:
1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జనరల్ డయ్యర్ ఆజ్ఞపై సైనికులు సుమారు 10 నిమిషాల్లో 1650 తూటాలు పేల్చారు. అధికారిక లెక్క ప్రకారం మృతులు 379 మంది. దీనితో సహా నాటి పరిణామాలపై విచారణకు హంటర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం పేరు ‘డిజార్డర్స్ ఎంక్వైరీ కమిటీ’. ‘డిజార్డర్’ అంటే క్రమం తప్పడం. క్రమం ప్రభుత్వానిదైనప్పుడు తప్పినవారు ప్రజలే అవుతారు. విచారణ మొదలుకాకముందే పేరు ఒక పక్షం వహించింది.

1920 జూలై 8న బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్ దీనిని ‘ఎపిసోడ్’ అన్నాడు, ‘మాన్‌స్ట్రస్ ఈవెంట్’ అని కూడా అన్నాడు. ఖండన తీవ్రమైనదే. అయితే అదే ప్రసంగంలో ఇది సామ్రాజ్యచరిత్రలో సాటిలేనిదని, ఒంటరిగా నిలిచేదని వర్ణించాడు. ఏకైక ‘ఈవెంట్’గా వేరుచేయడంతో డయ్యర్ దోషి అయ్యాడు, పాలనావ్యవస్థ తప్పించుకుంది.

3. చౌరీచౌరా:
1922 ఫిబ్రవరి ఆరంభంలో గోరఖ్‌పూర్ జిల్లాలో రైతులు పోలీసు ఠాణాకు నిప్పుపెట్టగా పోలీసులు మరణించారు. గాంధీ ‘యంగ్ ఇండియా’లో దీనిని ‘క్రైమ్’ అన్నాడు. సెషన్స్ కోర్టు 172 మందికి మరణశిక్ష వేసింది. చివరకు 19 మందిని ఉరితీశారు. ప్రభుత్వానికీ జాతీయనాయకత్వానికీ అది నేరమే కావడంతో రైతుల ఉద్దేశాలకు ఏ పదంలోనూ చోటు దక్కలేదు. షాహిద్ అమీన్ 1995లో తన గ్రంథానికి ‘ఈవెంట్, మెటఫర్, మెమరీ’ అని పేరు పెట్టాడు. ఇక్కడ ‘ఈవెంట్’ తీర్పు కాదు, పరిశోధ్యవిషయం. చర్చిల్ వేరుచేయడానికి వాడిన మాటనే అమీన్ స్థానికుల జ్ఞాపకాలతో కలపడానికి వాడాడు.

4. మన్యం - పితూరీ:
అదే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసుస్టేషన్‌పై దాడిచేసింది. 1879 నాటి రంపా తిరుగుబాటు మొదలుకొని మన్యం పోరాటాలకు ‘పితూరీ’ అనే పేరుంది. ఆంగ్లరచనల్లోకీ ఈ మాట ‘ఫితూరీ’గా చేరింది. ‘అవుట్‌బ్రేక్’ వంటి మాటలు తిరుగుబాటును అంటువ్యాధిలా, ప్రకృతి ఉత్పాతంలా చూపిస్తాయి. రైతు చైతన్యాన్ని తొలగించే ఈ ధోరణిని రణజిత్ గుహ 1983లో విశ్లేషించాడు. నేటి వ్యవహారంలో ‘పితూరీలు చెప్పడం’ అంటే చాడీలు చెప్పడం. తిరుగుబాటు అనే అర్థం చరిత్రగ్రంథాలకే పరిమితమైంది.

5. తెలుగు అనువాదం:
సంస్కృతంలో ‘సంఘటన’ అంటే కూర్పు, కలయిక. హిందీలో ‘సంగఠన్’ సంస్థ అయింది, తెలుగులో ‘సంఘటన’ జరిగిన విషయమైంది. ‘ఇన్సిడెంట్’, ‘ఈవెంట్’, ‘అకరెన్స్’ మూడింటికీ మనం ఈ ఒక్కమాటే వాడుతున్నాం. అందువల్ల మూలంలో అధికారి తగ్గించి చెప్పాడా, చరిత్రకారుడు ప్రాధాన్యమిచ్చాడా అన్నది తెలుగు పాఠకునికి తెలియదు. ‘జలియన్‌వాలాబాగ్ దుర్ఘటన’ అన్నప్పుడు నష్టం మరింత పెద్దది. రైలు పట్టాలు తప్పినా దుర్ఘటనే. ‘దురంతం’లో ఖండన ఉన్నా చంపడం కనబడదు. ‘ఊచకోత’, ‘మారణకాండ’ ఆ పని చేస్తాయి.

6. ముగింపు:
తెలుగులో ఉదంతం, ఘటన, అలజడి, తిరుగుబాటు, మారణకాండ వంటి మాటలకు కొరత లేదు. వాటిని వివక్షతో వాడటంలోనే కొరత ఉంది. వలసపాలన పత్రాలను అనువదించేటప్పుడు అధికారి మాటను అధికారి మాటగానే చూపి, పరిశోధకుడు తన పదాన్ని విడిగా ఎంచుకోవాలి. ఎవరు చేశారు, ఎవరిపై చేశారు అనే ప్రశ్నలకు తావివ్వని పదం శీర్షికలో చేరితే, వ్యాసమంతా ఆ మౌనాన్నే మోస్తుంది.