మందకు ముందు మేత



నల్లగొండ, సూర్యాపేట వైపునుండి హైదరాబాదు నగరమునకు బస్సులో వచ్చువారు మొదట హయత్‌నగరు దాటి, ఎల్.బి. నగరు కూడలిలో దిగుదురు. అక్కడనుండి దిల్‌సుఖ్‌నగరు ఎంతో దూరము కాదు. ఆసుపత్రికి వచ్చినవారు, పిల్లలను చదువుకు దింపవచ్చినవారు, పని వెదకికొనుచు వచ్చినవారు మీలో ఎందరో ఆ కూడలిని ఎరుగుదురు. 2018 సెప్టెంబరునుండి అక్కడ తలపైగా మెట్రో రైలు కూడ నడుచుచున్నది. క్రింద దుకాణములు, కోచింగు కేంద్రములు, జనసమ్మర్దము. ఇక్కడ ఒకప్పుడు జొన్నచేలు ఉండెననియు, గొఱ్ఱెలు మేసెననియు చెప్పినయెడల మన పిల్లలు నమ్మరు. అయినను ఈ నేలకు ఒక కథ ఉన్నది. అది మీ ఊరి కథ కూడ గనుక, ఓపికతో వినుడి.

ఈ ప్రాంతము మీ చెలకలవంటిదే. ఎఱ్ఱనేల; నడుమ నడుమ రాతిగుండ్లు. సంవత్సరమునకు సగటున 75 సెంటీమీటర్లకు అటునిటుగా వాన కురియును. అందులో ఎక్కువభాగము జూన్ మొదలు అక్టోబరు లోపుగానే పడిపోవును. తక్కిన నెలలు నేల ఎండియుండును. సరూర్‌నగరు చెరువు కుతుబ్‌షాహీల కాలము నాటిది. హయత్‌నగరునకు ఆ పేరు అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియైన హయాత్ బక్షీ బేగమును బట్టి వచ్చెను. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట ఇటువైపుగానే సాగెను గనుక, అక్కడ మసీదు చుట్టును బాటసారులు దిగుటకు గదులు కట్టిరి. ప్రక్కనే ఏనుగుబావి అని పిలువబడు పెద్ద బావి ఉన్నది. లంబాడీలు ఎద్దులమీద ఉప్పు, ధాన్యము వేసికొని దక్కను బాటలవెంట మందలుగా నడిచిరి. ఆ ఎద్దులకు మేత ఎవరును కొనిపెట్టలేదు. బాటప్రక్క బీళ్లలో మేసికొనుచు అవి రేవు చేరినవి.

ఇది గమనింపదగిన సంగతి. మెట్టసీమ రైతు తన పశువును తన చేను ఒక్కదానితోనే పెంచలేదు. పశువుయొక్క గాదె నాలుగు చోట్ల ఉండెను. మొదటిది జొన్నచొప్ప. మనుష్యుడు గింజ తిన్న తరువాత, మనిషికంటె ఎత్తుగా పెరిగిన ఆ చొప్ప ఎద్దునకు ఏడాది తిండి అయ్యెను. రెండవది ఊరుమ్మడి కంచె, బంచరాయి. ఎకరము భూమి లేని విధవరాలు సహితము తన రెండు మేకలను అక్కడికి తోలగలిగెను. మూడవది చెరువు శిఖము. ఎండకాలములో నీరు తగ్గినకొలది అక్కడ పచ్చిక మొలిచెను. నాలుగవది కోత అయిన పరుల చేలు. గొల్లవారు, కురుమవారు మందలను తోలుకొని అక్కడికి వచ్చి రాత్రులు చేలలో నిలిపిరి. గొఱ్ఱెలకు మేత దొరికెను, చేనికి ఎరువు దొరికెను. అందుకు రైతు వారికి ధాన్యమో రూకలో ఇచ్చెను.

ఆ మందలలో పేరుగాంచినది నల్లని దక్కనీ గొఱ్ఱె. దూరము నడువగలదు, ఎండకు ఓర్చుకొనగలదు. దాని ఉన్నిని ఏటికి రెండుమారులు కత్తిరించిరి. కురుమ స్త్రీలు నూలు వడికిరి, పురుషులు నేసిరి, చింతగింజల గంజి పట్టించి గొంగడి తయారుచేసిరి. వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక ఆ గొంగడియే. మీ తాతగారి భుజముమీద దానిని చూచినవారు మీలో ఇప్పటికిని ఉండవచ్చును.

అయితే పశువు దేనికి? పాలకు, దుక్కికి, ఎరువుకు అని మీరు చెప్పుదురు. మెట్టసీమలో మరియొక కారణము ఉన్నది. పంట ఎండినప్పుడు ఒక గొఱ్ఱెపిల్లను అమ్మి నెల గడుపుకొనవచ్చును. పశువు కాళ్లుగల నిల్వసొమ్ము. కాని ఆ నిల్వకు ఒక లోపము గలదు: వాన తప్పిన ఏట మనుష్యుని తిండితోపాటు దాని తిండియు తప్పిపోవును.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఏడిపించిన కరువును మన పెద్దలు ధాత కరువని పిలిచిరి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలోను, నిజాము రాజ్యపు నైరుతి భాగములోను అది మిక్కిలి తీవ్రమాయెను. అక్కడ పశువులు గుంపులు గుంపులుగా పడిపోయినవి. బ్రతికియున్నవాటిని అమ్మబోవగా కొనువాడు లేడు. ఎందుకనగా అందరును ఒక్కసారే అమ్మజూచిరి. యోసేపు దినములలో ఐగుప్తీయులు రూకలు అయిపోగా తమ మందలను ఇచ్చి ఆహారము తీసికొనిన సంగతి మీరు ఆదికాండములో చదివియున్నారు. కరువులో పశువు విలువ ఎప్పుడును అట్లే పడిపోవును. వానలు తిరిగి వచ్చిన తరువాత దున్నుటకు ఎద్దు లేనివాడు మరియొక ఏడు కూడ కరువే అనుభవించెను. మంద పెద్దదైనవాడు కాదు, వాము పెద్దదైనవాడు నిలిచెను.

ఇప్పుడు మరల ఎల్.బి. నగరునకు వచ్చెదము. నగరము తూర్పునకు పెరిగెను. చెలకలు ప్లాట్లయ్యెను, కాలనీలు వెలిసెను, ఆ కాలనీలు మునిసిపాలిటీలయ్యెను. 2007 ఏప్రిలులో ఎల్.బి. నగరు, గడ్డిఅన్నారము మునిసిపాలిటీలు రెండును మహానగరపాలక సంస్థలో కలిసిపోయెను. సొంత పొలమును అమ్మినవానికి రూకలైన దక్కును. కంచె పోయినప్పుడు మేకలు తోలుకొనువానికి ఏమియు దక్కదు, ఏలయనగా అది వాని పేర వ్రాయబడలేదు.

పశువులు మాత్రము ఒక్కసారిగా మాయము కాలేదు. నగరమునకు పాలు కావలెను గదా! పాలవారు హర్యానా సీమనుండి ముర్రా గేదెలను తెప్పించి, ఇండ్ల నడుమనే కొట్టములలో కట్టిరి. వాటికి బీడు లేదు. మేత అంతయు కొనవలసినదే. నాగోలు, ఉప్పలు దిగువను మూసీ ఒడ్డున నగరపు మురుగునీటితో పారా గడ్డి పెంచి, మోపులు కట్టి నగరములో అమ్మిరి. జొన్నచొప్ప దూరపు జిల్లాలనుండి లారీలలో వచ్చెను. 2004–05 ప్రాంతమున శాస్త్రజ్ఞులు హైదరాబాదు చొప్ప అంగళ్లను పరిశీలించి, పశువునకు బాగుగా అరుగు చొప్పకు వర్తకులు ఎక్కువ ధర కట్టుచున్నారని కనుగొనిరి. మనము చేలో వదలివేయు చొప్ప అక్కడ తూకము వేసి అమ్మబడు సరకు. ఇట్లు మేత కొని పెంచు కొట్టములో వట్టిపోయిన గేదెను మరల చూలు కట్టువరకు పోషించుట భారము గనుక, అది తరచుగా కబేళాకు పోవును. మేత కరువైనచోట మంచి పశువునకును ఆయుష్షు తక్కువ.

ఎల్.బి. నగరు అనగా లాల్ బహదూర్ నగరు. మన ప్రధానమంత్రిగా ఉండి 1966 జనవరిలో మరణించిన లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరది. ఆయనకును పశుపోషణకును ఒక సంబంధమున్నది. 1964 అక్టోబరు చివర ఆయన గుజరాతులోని ఆనందునకు వెళ్లెను. వెళ్లిన పని ఏమి? పాలసహకార సంఘమువారి పశుదాణా కర్మాగారమును ప్రారంభించుట. ముందు రాత్రి ఒక పల్లెలో రైతు ఇంట బసచేసి, నేల ఎట్టిది, వాన ఎంత, గేదె ఎట్టిది, మేత ఎట్టిది అని అడిగి తెలిసికొనెను. వాటిలో దేనియందును తన ఉత్తరదేశముకంటె ప్రత్యేకత ఆయనకు కనబడలేదని కురియన్‌గారు తరువాత చెప్పియున్నారు. భేదమంతయు ఒక్కటియే: అక్కడి పాలకేంద్రము, దాణా మిల్లు, పశువైద్యము రైతుల సొత్తుగా ఉండెను. 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఏర్పడెను. 1970లో క్షీరవిప్లవము ఆరంభమాయెను.

అది గుజరాతు సంగతి, మనకేమి అనవద్దు. మన కరీంనగరు జిల్లాలో ఉండిన ముల్కనూరు మెట్టప్రాంతమే. అక్కడి స్త్రీలు సహకార డెయిరీ స్థాపించుకొని 2002లో పాలసేకరణ మొదలుపెట్టిరి. ఇంటికి ఒకటి రెండు గేదెలు గల స్త్రీలే దానికి యజమానులు.

హయత్‌నగరులో మరియొకటి చూడదగినది. మెట్టసేద్యమును గూర్చి 1970లో అఖిలభారత పరిశోధన పథకము హైదరాబాదు కేంద్రముగా ఆరంభమాయెను. 1985లో దానినుండియే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడెను. ఆ సంస్థ పరిశోధనా క్షేత్రము హయత్‌నగరులో, మీరు బస్సులో వచ్చు దారిలోనే ఉన్నది. చుట్టును ఇండ్లు లేచినను అక్కడ ఎఱ్ఱనేలమీద ప్రయోగములు సాగినవి. గింజపంటకు పనికిరాని రాతిగొట్టు నేలలో సుబాబుల్ వంటి చెట్లు నాటి, వాటి నడుమ అంజన్ గడ్డి, స్టైలో అను పప్పుజాతి మేతమొక్క పెంచవచ్చునని వారు చూపిరి. పోయిన కంచెను మన గట్టుమీదనే కొంత తిరిగి తెచ్చుకొనవచ్చునని దీని భావము.

ఇక మీ ఊరిని చూడుడి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. పేదవాని కడుపు నిండెను; అది మేలే. కాని జొన్న తినువారు తగ్గగా జొన్న విత్తువారు తగ్గిరి. దాని స్థానమున పత్తి వచ్చెను. పత్తికట్టె పొయ్యికి పనికివచ్చునుగాని గాడికి పనికిరాదు. వరికోత యంత్రము వచ్చిన తరువాత గడ్డి ముక్కలై చేలో చెదరిపోవుచున్నది. అనేకులు దానికి నిప్పు పెట్టుచున్నారు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము గొల్ల కురుమ కుటుంబములకు ఇరువది గొఱ్ఱెలును ఒక పొట్టేలును చొప్పున, ధరలో 75 శాతము తానే భరించి, పంచుట ఆరంభించెను. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొఱ్ఱెలతో తెలంగాణ దేశములోనే మొదటిదిగా నిలిచెను. సంతోషమే. అయితే గొఱ్ఱెలను లారీలో తేవచ్చును, బంచరాయిని లారీలో తేలేము.

కాబట్టి మీరు పశువును కొనకముందు, అప్పుపత్రముమీద వ్రేలు పెట్టకముందు, ఒక చిన్న లెక్క వేసికొనుడి. నాలుగు వందల కిలోల గేదెకు రోజుకు సుమారు పది కిలోల ఎండుమేత కావలెను. ఫిబ్రవరి మొదలు మే వరకు నూట ఇరువది దినములకు అది పన్నెండు క్వింటాళ్లు. ముప్పది కిలోల గొఱ్ఱెకు రోజుకు ఒక కిలో. ఇరువదియొక్క గొఱ్ఱెలకు ఆ నాలుగు నెలలకు ఇరువదియైదు క్వింటాళ్లు. అందులో సగము బయట మేసివచ్చినను తక్కిన సగము మీరే పెట్టవలెను. వానాధారపు జొన్న ఎకరమునకు పది మొదలు ఇరువది క్వింటాళ్ల చొప్ప ఇచ్చును. ఇప్పుడు చెప్పుడి: మీ పెరటిలో వాము ఎంత?

వాము చాలనియెడల దిగులుపడవద్దు. పత్తిలో ఒక ఎకరము తగ్గించి జొన్న విత్తుడి. చొప్పను నరికి గాడిలో వేయుడి. పొడవుగా వేసినది సగము కాళ్లక్రింద పోవును. పల్లికట్టెను, కందిపొట్టును చేలో వదలవద్దు. గట్టులమీద అవిశ, సుబాబుల్ నాటుడి. సుబాబుల్ ఆకు మాత్రము మొత్తము మేతలో మూడవవంతు మించరాదు. ఊరిలో ఇంకను బంచరాయి, చెరువు శిఖము మిగిలియున్నయెడల, అది ఎవరిదియు కాదని ఊరకుండక, అందరిదియని పంచాయతీలో నిలిచి అడుగుడి. అన్నిటికిని తరువాత, మేత చాలనన్ని పశువులను వేసవికి ముందే, ధర ఉన్నప్పుడే అమ్ముడి. రెండింటిని బలముగా పెంచినవాడు ఐదింటిని ఎముకలుగా పెంచినవానికంటె ధనవంతుడు.

ఏశావు తనతో కలిసి త్వరగా నడువుమని పిలిచినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. పాలిచ్చు గొఱ్ఱెలును చంటిపిల్లలును తనతో ఉన్నందున, వాటి నడకనుబట్టియే తాను నడుచుదునని చెప్పెను. అతడు మందను ఎరిగిన కాపరి. నేడు మనలను కూడ ఎందరో త్వరగా రమ్మని పిలుచుచున్నారు: అప్పిచ్చువారు, అమ్మజూపువారు, ప్రక్క ఊరివారి ఆడంబరము. మీ పశువు ఎంత తినునో, మీ నేల ఎంత మొలిపించునో, ఆ నడకనే నడువుడి.

ఈసారి ఎల్.బి. నగరు కూడలిలో బస్సు దిగినప్పుడు ఒక్క నిమిషము నిలిచి నేలను చూడుడి. ఆ నేలమీది మేత మరల రాదు. మీ ఊరి మేత ఇంకను మీ చేతిలో ఉన్నది. ఇంటికి చేరిన సాయంకాలము దొడ్డిలోనికి పోయి, తలలు లెక్కించక మునుపు వామును లెక్కించుడి.