గుర్రపు పందెం: గెలిచేది గుర్రమా, రౌతా? నేల, ఎండ, జాకీ నిర్ణయం.. దేని పాత్ర ఎంత?

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు లేని గూడేలకు గుర్రమే బండి. సంత సరుకులు దాని వీపు మీదే కొండెక్కుతాయి. కొండ దిగితే ఉత్తరాంధ్ర ఊళ్ల తీర్థాల్లో గుర్రపు పందేలు. హైదరాబాద్ మలక్‌పేటలో అయితే జాకీలు, ట్రాక్‌తో పెద్ద రేసులు. మూడు చోట్లా గుర్రం ఎలా పరిగెడుతుందన్నది దాని బలం ఒక్కదాన్ని బట్టే ఉండదు. మిగతా లెక్కలేంటో చూద్దాం.

నేల ఎలా ఉంది?

రేసు గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. పరుగులో కొన్ని క్షణాలు ఆ బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది. నేల మరీ గట్టిగా ఉంటే ఆ దెబ్బ ఎముకలకు, కీళ్లకు తగులుతుంది. బురదగా ఉంటే గిట్ట దిగబడి, ప్రతి అడుగుకీ ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే రేస్ క్లబ్బుల్లో పెనెట్రోమీటర్ అనే పరికరంతో నేల ఎంత మెత్తగా ఉందో ముందే కొలుస్తారు. పొడి నేల మీద దూసుకెళ్లే గుర్రం వాన పడ్డాక వెనకబడొచ్చు.

మన్యంలో పరికరం లేదు, రౌతు కన్నే కొలత. వానకు జారే ఎర్రమట్టి, రాళ్ల దిగుడు. మామూలుగా నిలబడినప్పుడే గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది. దిగుడులో అది ఇంకా పెరుగుతుంది. అలాంటి చోట రౌతు దిగి నడవడమే మంచిది.

ఎండ, ఊపిరి

గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీలుస్తుంది. దౌడులో ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి. నిమిషానికి 30-40 సార్లు కొట్టుకునే గుండె రేసులో 200 దాటుతుంది. ఒంట్లో పుట్టే వేడి ఎక్కువగా చెమటతోనే పోవాలి. ఉక్కపోతలో చెమట ఆరదు. 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకు చల్లదనానికి అలవాటుపడ్డ గుర్రాన్ని మైదానంలో ఎండపూట ఒక్కసారిగా పరిగెత్తిస్తే ప్రమాదమే.

జాకీ చేతిలో ఏముంది?

* వేగం: మొదట్లోనే పూర్తిగా వదిలేస్తే చివర్లో గుర్రం అలసిపోతుంది. మరీ పట్టి ఉంచితే ముందున్నవాళ్లను అందుకోలేదు. పగ్గం ఎప్పుడు వదలాలన్నదే అసలు నైపుణ్యం.

* మలుపు: అర్ధ వృత్తం మలుపులో ఒక్క మీటరు బయటికి వెళ్లినా దాదాపు 3 మీటర్ల అదనపు దూరం. అంటే గుర్రం పొడవు కంటే ఎక్కువే! లోపల ఉంటే దూరం తగ్గుతుంది కానీ ముందున్న గుర్రాల వెనక ఇరుక్కునే రిస్క్ ఉంటుంది.

* కూర్చునే తీరు: జాకీలు జీను మీద కూర్చోరు, రికాబుల మీద వంగి లేచి ఉంటారు. 1900 ప్రాంతంలో ఈ పద్ధతి వచ్చాక రేసు టైమింగ్‌లు 5 నుంచి 7 శాతం మెరుగయ్యాయని 2009లో 'సైన్స్' జర్నల్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది.

* కొరడా: కొడితే వేగం పెరుగుతుందన్నది చాలామంది నమ్మకం. ఆస్ట్రేలియా రేసులపై 2011లో వచ్చిన అధ్యయనం మాత్రం వేరే మాట చెప్పింది. గుర్రాలు ఎక్కువ వేగం అందుకున్నది చివరి 400 మీటర్లకు ముందే, అదీ కొరడా వాడనప్పుడు. అలసిపోయాక కొట్టినా ఫలితం కనిపించలేదు.

చట్టం ఏం చెబుతోంది?

1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రపు పందేన్ని ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన ఆటగా తేల్చింది. గుర్రానికిచ్చిన శిక్షణ, జాకీ సామర్థ్యం గెలుపును నిర్ణయిస్తాయని చెప్పింది. మరోవైపు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువును కొట్టి బాధపెట్టడం, శక్తికి మించి తోలడం, ఎక్కువ బరువు మోయించడం నేరమే. తీర్థంలో పందెమైనా, కొండదారిలో బస్తాల మోతైనా ఇదే రూల్.

గుర్రం కుంటుతున్నా, అడుగులు తడబడుతున్నా, ఊపిరి ఎంతకీ అదుపులోకి రాకపోయినా వెంటనే ఆపేయాలి. నాకు చేతకావట్లేదని అది నోరు తెరిచి చెప్పలేదు. ఆ సంగతి ముందుగా తెలిసేది పగ్గం పట్టుకున్న చేతికే.