ఎడారి కొండలలో తెల్లతోక దుప్పి

ఉత్తర అమెరికా ఖండములో తెల్లతోక దుప్పి వలె విస్తారముగా వ్యాపించిన పెద్ద మృగములు అరుదు. కెనడా దేశపు మంచు అడవులు మొదలుకొని మెక్సికో మీదుగా దక్షిణ అమెరికాలోని పెరూ దేశము వరకు దాని సంచారమున్నది. బెదిరినప్పుడు తోకను నిలువుగా ఎత్తి, దాని అడుగుభాగపు తెలుపును జెండా వలె చూపుతూ పరుగెత్తుట దాని స్వభావము. ఆ పేరు అందువలననే వచ్చినది. ఉత్తరపు అడవులలో మగదుప్పి నూటముప్పది కిలోగ్రాములు దాటి తూగును. ఆరిజోనా ఎడారి కొండలలో అదే జాతికి చెందిన మగదుప్పి నలువది, నలువదియైదు కిలోగ్రాములకు మించుట అరుదు. ఒకే జాతిలో ఇంతటి వ్యత్యాసము చూచిన ప్రకృతిశాస్త్రజ్ఞులు దానిని ప్రాంతములవారీగా విభజించి, ఒక్కొక్క విభాగమునకు ఒక్కొక్క పేరు పెట్టినారు. అట్టి ఉపజాతులు ముప్పదియెనిమిది అని గ్రంథములలో తరచు కనిపించు లెక్క. వీనిలో ఎడారి కొండలకు చెందిన రెండింటి కథ, మనుష్యుడు ప్రకృతికి పేర్లు పెట్టు పద్ధతిని గూర్చి ఎంతో తెలుపుతున్నది.

ముందుగా ఆ భూమిని గూర్చి తెలియవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములకు, మెక్సికోకు సరిహద్దుగా పడమట సోనోరా ఎడారి, తూర్పున చివావా ఎడారి పరచుకొని ఉన్నవి. ఆ ఎడారుల నడుమ అక్కడక్కడ కొండలు ఒంటరిగా లేచి నిలిచినవి. క్రింద ముళ్లపొదలు, బ్రహ్మజెముడు జాతి మొక్కలు, ఉడుకెత్తు ఇసుక. పైకి పోయినకొలది గడ్డి, ఓక్ చెట్లు, ఇంకను పైన దేవదారు జాతి వృక్షములు. ఒక కొండనుండి మరియొక కొండకు పోవలెనన్న ఎండిన మైదానమును దాటవలసినదే. వెల్డన్ హీల్డ్ అను రచయిత 1967లో ప్రకటించిన తన గ్రంథమునకు 'ఆకాశద్వీపము' అని అర్థమిచ్చు పేరు పెట్టినాడు. సముద్రమునకు బదులు ఎడారి చుట్టుకొన్న ద్వీపములని భావము. తెల్లతోక దుప్పి నివాసము ఆ ద్వీపముల మీదనే. క్రింది మైదానములలో తిరుగునది దాని దాయాది. దాని చెవులు కంచరగాడిద చెవుల వలె పెద్దవి గనుక దానికి మ్యూల్ దుప్పి అని పేరు.

ఈ భేదమును కనుగొన్నవారు పుస్తకములు వ్రాసినవారు కారు. ఆ సీమలో తరతరములుగా నివసించిన జనులకు ఈ రెండు మృగములును వేరని తెలియును. సోనోరాకు చెందిన యాకీ జనుల దుప్పి నృత్యము ప్రసిద్ధమైనది. నర్తకుడు దుప్పి తలను తన తలపై ధరించి ఆడును. పాటకులు దుప్పిని చిన్న తమ్ముడుగా సంబోధింతురు. వేటాడి తినవలసిన మృగమును తమ్ముడని పిలుచుటలోనే దానిని గూర్చిన ఎరుకయు, దాని యెడల ఋణభావమును ఇమిడియున్నవి. తరువాత వచ్చిన వలస ప్రజలు దాని విశాలమైన తోకను చూచి 'విసనకర్ర తోక' అని పిలిచినారు. శాస్త్రము అన్నిటికన్న ఆలస్యముగా వచ్చినది.

ఆ శాస్త్రముతో ముడివడిన పేరు ఎలియట్ కౌస్‌ది. 1842లో న్యూహాంప్‌షైరులో జన్మించి, వైద్యము చదివి, సైనిక వైద్యుడుగా 1864లో ఆరిజోనాలోని ఫోర్ట్ విపుల్ అను దండునకు చేరినాడు. పగలు రోగులను చూచుచు, తీరిక దొరికినప్పుడెల్ల పక్షులను, మృగములను సేకరించినాడు. 1872లో వెలువడిన ఆయన పక్షిశాస్త్ర గ్రంథము ఉత్తర అమెరికాలో చిరకాలము ప్రమాణముగా నిలిచినది. లెఫ్టినెంట్ జార్జి వీలర్ ఆధ్వర్యమున పడమటి భూభాగములో జరిగిన సర్వే నివేదికలోని జంతుశాస్త్ర సంపుటము 1875లో వెలువడినది. అందులో కౌస్, యారో అను ఇద్దరి అధ్యాయమున ఈ చిన్న దుప్పి కౌసీ అను పేరుతో శాస్త్రలోకమున ప్రవేశించినది. ఆధారముగా తీసికొన్న నమూనా దక్షిణ ఆరిజోనాలోని క్యాంప్ క్రిటెండెన్ అను దండు వద్ద లభించినది. తన పేరును తానే పెట్టుకొన్నాడన్న అపవాదు కౌస్‌కు తగదు. సర్వేలో పాల్గొన్న వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ రోత్‌రాక్ ఆయన గౌరవార్థము ఆ పేరు సూచించినాడని ప్రతీతి.

కౌస్ వంశీయులు తమ పేరును 'కౌస్' అనియే పలుకుదురు. వేటగాండ్ర నోట అది 'కూస్' అయినది. నేడు ఆ దుప్పిని సరిగా పలికినవాడే తప్పు పలికినట్లు వినబడును. ఒక మహా నిఘంటువునకు జీవశాస్త్ర పదముల అర్థములు సమకూర్చిన విద్వాంసుని పేరునకే ఈ గతి పట్టినది! ఈ దుప్పి ప్రజాతి నామముదియు ఇట్టి కథయే. 1832లో రఫినెస్క్ అను పండితుడు ఒక గుహలో దొరికిన పంటిని చూచి, బోలు పన్ను అను అర్థమున ఓడోకోయిలియస్ అని పేరు పెట్టినాడు. గ్రీకు వ్యాకరణము ననుసరించి చూచిన ఆ పదము తప్పు. అయినను మొదట అచ్చయిన పేరే నిలువవలెనన్నది శాస్త్ర నియమము. తప్పు శాశ్వతమైనది.

కౌస్ దుప్పికి తూర్పున, టెక్సస్ రాష్ట్రపు పడమటి కొనలో రియో గ్రాండే నది పెద్ద వంపు తిరుగు చోట చీసోస్ కొండలున్నవి. వాని శిఖరము సుమారు 2,380 మీటర్ల ఎత్తు. నది కావలి గట్టున, మెక్సికోలోని కోవావీలా రాష్ట్రములో కార్మెన్ పర్వతములు. గోల్డ్‌మన్, కెల్లాగ్ అను శాస్త్రజ్ఞులు 1940లో ఒకే వ్యాసమున పది క్రొత్త తెల్లతోక దుప్పుల ఉపజాతులను వర్ణించినారు. కార్మెన్ పర్వతముల దుప్పికి కార్మినిస్ అను పేరు వచ్చినది ఆ వ్యాసముననే. ఒకే వ్యాసములో పది పేర్లు! పేర్లు పెట్టు ఉత్సాహము ఆ కాలమున ఎంతటిదో దీనివలన తెలియును. మ్యూజియములలోని కపాలములను, చర్మములను వరుసగా పేర్చి, దంతముల వరుసను, కొమ్ముల మందమును, రోమముల వన్నెను సరిపోల్చి నిర్ణయించుట నాటి పద్ధతి. ఆ నమూనాలు అన్ని చోట్లనుండి సమానముగా వచ్చినవి కావు. ఒక కొండనుండి అనేకములు, మరియొక కొండనుండి ఒకటి రెండు. కొన్ని కొండలనుండి ఒక్కటియు లేదు.

కొండవాలున నిలిచి ఒక దుప్పిని చూచువాడు దానిని ఎట్లు గుర్తింపవలెను? జాతిని గుర్తించుట అంత కష్టము కాదు. తెల్లతోక దుప్పి కొమ్మున ఒక ప్రధాన దండము ముందునకు వంగి ఉండును. దానిమీద శాఖలు నిలువుగా లేచును. మ్యూల్ దుప్పి కొమ్ము మాత్రము రెండుగా చీలి, ఆ చీలికలు మరల రెండుగా చీలును. అన్నింటికన్న నమ్మదగిన గురుతు వెనుకకాలిమీద ఉన్నది. కీలునకు గిట్టకు నడుమ వెలుపలివైపున ఒక గ్రంథి ఉండును. తెల్లతోక దుప్పిలో అది అంగుళమునకు మించదు. మ్యూల్ దుప్పిలో అయిదంగుళముల వరకు సాగును. ఈ రెండింటి సంకరమున పుట్టినదానిలో అది నడిమి కొలతగా ఉండును. వేటగాండ్రు మ్యూల్ దుప్పి పిల్లను కౌస్ దుప్పిగా పొరబడిన సందర్భములలో ఈ గ్రంథియే తీర్పు చెప్పును.

ఉపజాతిని గుర్తించుట ఇట్టిది కాదు. కౌస్ దుప్పి చిన్నది, బూడిదవన్నెది. దేహముతో పోల్చిన చెవులు, తోక పెద్దవి. కార్మెన్ దుప్పియు చిన్నదే, దాని కొమ్ములును చిన్నవే. ఈ లక్షణములలో ఏ ఒక్కదానిని చూపి 'ఇది ఆ ఉపజాతియే' అని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. వేడి సీమలలో ఒకే జాతి మృగములు చిన్నవగునని 1847లో బెర్గ్‌మన్, వాని చెవులు, అవయవములు పొడవగునని 1877లో ఆలెన్ చెప్పినారు. అట్లయిన ఈ కొలతలలో వంశముది ఎంత, వాతావరణముది ఎంత? ఒక ప్రాంతపు మృగములలో నూటికి డెబ్బదియైదు పక్క ప్రాంతపు వానినుండి వేరుగా గుర్తింపదగినవైననే ఉపజాతిగా అంగీకరింపవలెనని 1949లో ఒక కొలబద్ద ప్రతిపాదింపబడినది. మిగిలిన ఇరువదియైదింటి మాట ఏమి? 1953లో విల్సన్, బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు మరియొక అడుగు ముందునకు వేసి, ఉపజాతి అను భావననే ప్రశ్నించినారు. పరిమాణము ఒక దిక్కుగా మారును, వన్నె మరియొక దిక్కుగా మారును. గీత ఎక్కడ గీచినను అది గీచినవాని ఇష్టమే యగునని వారి వాదము.

ఆ వాదములో బలమున్నది. అయితే ఆకాశద్వీపములను చూచినప్పుడు, గీతలన్నియు మనుష్యుడు గీచినవే కావని తోచును. చివావా ఎడారిలో ఒక జాతి అడవి ఎలుకలు కనిపించిన ఆకును, పుల్లను గూటికి చేరవేయును. ఆ కుప్పలు మూత్రముతో గట్టిపడి, రాతి గుహలలో వేల సంవత్సరములు చెడక నిలుచును. 1966లో ఫిలిప్ వెల్స్ ఆ కుప్పలను పరీక్షించి, నేడు ముళ్లపొదలు తప్ప మరేమియు లేని పల్లపు నేలలలో హిమయుగమున చిన్న దేవదారు జాతి అడవి ఉండెనని నిరూపించినాడు. నాడు కొండకు కొండకు నడుమ నీడ ఉండెను. దుప్పికి దారి ఉండెను. సుమారు పదివేల సంవత్సరముల క్రిందట ఎండ పెరిగి, అడవి పైకి జరిగినది. దుప్పి అడవి వెంట పైకెక్కి అక్కడనే చిక్కుకొన్నది. కార్మెన్ దుప్పి విశేషము ఈ చరిత్రలో ఉన్నది. 1970వ దశకములో చీసోస్ కొండలలో పరిశోధన చేసినవారు దానిని ఎత్తైన ఓక్ అడవులలోనే చూచినారు. ఎడారి మైదానము మ్యూల్ దుప్పిది. 1986లో పడమటి టెక్సస్ దుప్పుల తల్లివైపు వంశసూత్రములను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఆ రెండు జాతుల నడుమ పూర్వము సంకరము జరిగినట్లు ఆనవాళ్లు దొరికినవి. నెత్తుటి సాక్ష్యము కూడ ఒంటరిగా నమ్మదగినది కాదన్నమాట.

ఈ చర్చ పండితుల కాలక్షేపమని తోచవచ్చును. కాని పేరును పట్టుకొని పెక్కు పనులు జరుగుచున్నవి. 1887లో స్థాపితమైన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అను సంస్థ కౌస్ దుప్పి కొమ్ములకు వేరుగా పట్టిక ఉంచుచున్నది. ఆ కొమ్ములు చిన్నవి గనుక, పెద్ద ఉపజాతి దుప్పి ఒకటి ఆ పట్టికలో దూరినచో లెక్కలన్నియు తారుమారగును. అందుచే ఆ పట్టికకు ఒక భౌగోళికపు హద్దు పెట్టవలసి వచ్చినది. ఇంతకన్న గంభీరమైనది ప్రాణరక్షణ. ఫ్లోరిడా దక్షిణాగ్రమునగల చిన్న ద్వీపములలోని తెల్లతోక దుప్పికి 1922లో వేరు ఉపజాతిగా పేరు వచ్చినది. ఇరువదవ శతాబ్ది మధ్యకు అవి కొన్ని పదులు మాత్రమే మిగిలినవి. 1957లో వానికి ఒక రక్షితవనము ఏర్పడినది. 1973 నాటి అమెరికా చట్టము జాతులతోపాటు ఉపజాతులకును రక్షణ కల్పించినది. ఆ పేరే లేకున్నచో, ఖండమంతట లక్షల కొలది ఉన్న జాతిలో ఈ కొన్ని పోయిన నేమి అని ఎవరైనను అడుగవచ్చును.

భారతదేశ పాఠకులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పన్నెండు కొమ్మలు గలదని హిందీలో బారహ్‌సింగా అని పేరొందిన మృగము ఉత్తరపు తడినేలలలో పాదములు విచ్చుకొని నడచును. మధ్యప్రదేశములోని కాన్హా అడవులలో అదే జాతి గట్టినేలకు అలవాటుపడి, ముడుచుకొన్న గిట్టలు కలిగియున్నది. పోకాక్ 1943లో దానికి బ్రాండెరీ అని ఉపజాతి నామమిచ్చినాడు. 1970 నాటికి కాన్హాలో అవి అరువదియారు మాత్రమే మిగిలినవి. అవి నశించినచో గట్టినేల బారహ్‌సింగా లోకమునుండియే నశించునన్న ఎరుక వానిని కాపాడుటకు తోడ్పడినది. తరువాత వాని సంఖ్య మరల పెరిగినది.

చీసోస్ కొండలు 1944లో జాతీయవనములో చేరినవి. కావలి గట్టున కార్మెన్ పర్వతములు 1994లో మెక్సికో ప్రభుత్వ రక్షణ పొందినవి. పుస్తకములలోని ఉపజాతుల సంఖ్య రేపు తగ్గవచ్చును, పెరుగవచ్చును. కౌసీ, కార్మినిస్ అను పేర్లే మారవచ్చును. కాని పదివేల ఏండ్ల క్రిందట అడవి వెంట కొండ ఎక్కిన ఆ చిన్న దుప్పికి పోవుటకు ఇంకను పైన చోటు లేదు. ఎండ మరింత పెరిగి ఓక్ అడవి శిఖరము దాటి తొలగిననాడు, దానిని ఏ పేరున పిలువవలెనన్న వివాదము దానంతట అదియే ముగియును. ఆ దినము రాకుండ చూచుటకు పేరు ఉపకరించినంత కాలము, తప్పుగా పలికినను ఆ పేరు సార్థకమే.